కోటేశ్వరి గెలాక్సీకి సైటు విజిట్

గోపాలరావు తన పాతికో పెళ్ళిరోజుకి భార్యకి ఏకంగా ఒక గెలాక్సీనే బహుమతిగా ఇచ్చాడంటే, ఆహా ఏం ప్రేమ అని మురిసిపోకండి. ప్లాటు ఇవ్వకుండా తప్పించుకోడానికి ఇచ్చాడు.

అసలు సంగతి మొదట్నుంచీ చెప్తాను. హైదరాబాదు చుట్టూ రింగు రోడ్డు వస్తోందనీ, శంషాబాద్‌లో విమానాలు దిగబోతున్నాయనీ జనానికి కాళ్ళు నేల మీద ఆగని రోజులవి. ఇబ్రహీంపట్నంలో టీ తాగడానికి బయటికెళ్ళినవాడు ప్లాటు మాట్లాడుకుని ఇంటికొచ్చేవాడు. నిన్నటిదాకా కందిచేలు ఉన్నచోట ఇవాళ తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్ళు మొలిచేవి. రైతు కూడా తన పొలం ఎక్కడుందో బ్రోషర్ చూసి తెలుసుకోవాల్సి వచ్చేది.

అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే గోపాలరావు తెనాలి నుంచి వచ్చినవాడు. వచ్చిన దగ్గర్నుంచీ అద్దె ఇంట్లోనే ఉన్నాడు. ఎట్టకేలకు సాగర్ రోడ్డు పక్కన రెండొందల గజాలు మాట్లాడుకున్నాడు. మాట్లాడిపెట్టింది ఇంటి ఓనరు మల్లేశయ్య. ఊళ్ళో ఆయన్ని గజాల మల్లేశయ్య అంటారు. బారసాలకి పిలిస్తే వచ్చి, ఉయ్యాలని ఎగాదిగా చూసి, "గజానికి జర తక్కువుంటది" అని ఆశీర్వదించిన మనిషి.

రిజిస్ట్రేషన్ వచ్చే వారం. ఇంకా ఇల్లు లేదు, గోడ లేదు, గేటు లేదు. గోపాలరావు మాత్రం నల్ల గ్రానైటు పలక మీద "గోపాలరావు, ఎమ్మెస్సీ" అని బంగారు అక్షరాలతో చెక్కించి పరుపు కింద దాచుకున్నాడు. పడుకుంటే ఎమ్మెస్సీ వీపుకి ఒత్తుకునేది. అయినా సుఖంగానే ఉండేది.

ఆ సుఖంలో ఉండగా కోటేశ్వరి కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ అడిగింది.

"ఏవండీ, ఆ ప్లాటు నా పేరు మీద పెట్టండి."

గోపాలరావుకి కాఫీ పొలమారింది.

"నీ పేరు మీదా? ఎందుకూ?"

"ఊరికే. పెట్టాలనిపించింది."

"ఊరికే పెట్టుకోడానికి అదేమన్నా బొట్టుబిళ్ళా?"

"పరుపు కింద రాయి పెట్టుకుని పడుకోడం కంటే నయమేగా?"

గోపాలరావు గతుక్కుమన్నాడు. "అది... అది కాలేజీ ల్యాబ్‌ది. జియలాజికల్ స్పెసిమెన్. ఫర్ డెన్సిటీ మెజర్‌మెంట్" అని గడగడా అనేశాడు.

"మీ పేరు రాసుందే దాని మీద?"

"స్పెసిమెన్ పోకుండా."

కోటేశ్వరి ఆ రాయి సంగతి వదిలేసింది. కుర్చీ లాక్కుని కూచుంది. "గ్యాసు మీ పేరు. కరెంటు మీ పేరు. ఫోను మీ పేరు. పాలబ్బాయి కూడా గోపాలరావుగారి పాలూ అని అరుస్తాడు. కాచేది నేను, తోడేసేది నేను. నా పేరు ఆఖరిసారి అచ్చయింది మన శుభలేఖ మీద. అందులోనూ మీ పేరే లావు అక్షరాల్లో ఉంది" అంది.

నవ్వుతూనే అంది గానీ, చివర్లో ఆవిడ గొంతు కొంచెం సన్నబడింది. గోపాలరావు విన్నాడు. విననట్టు పేపరు ఎత్తుకున్నాడు.

ఔనందామంటే పలక ఉంది. కాదందామంటే వంటిల్లు ఉంది. కోటేశ్వరి కోపమొస్తే అరిచే మనిషి కాదు, వండే మనిషి. ఒకసారి ఆవిడ తమ్ముణ్ణి వెధవ అన్నందుకు నెలంతా పూటపూటా మజ్జిగపులుసే పోసింది. అడిగితే "వేసవికాలం కదండీ, చలవ" అనేది. అది డిసెంబరు.

అలా పేపరు చాటున దాక్కుని ఉండగా, ఆదివారం అనుబంధంలో ఒక రంగుల బొమ్మ ఆయన కళ్ళబడింది. సర్పిల గెలాక్సీ అట. నడుమ పసుపుపచ్చగా వెలుగుతున్న ముద్ద, దాని చుట్టూ రెండు నీలం చేతులు జిలేబీ చుట్టలాగా తిరిగి ఉన్నాయి. కోట్ల కోట్ల నక్షత్రాలున్నాయట. ఇట్లాంటి గెలాక్సీలు చాలావాటికి పేరంటూ లేదు, కేటలాగులో నంబరు మాత్రమే ఉంటుందని కింద రాశారు.

గోపాలరావు దిగ్గున లేచి నిలబడ్డాడు. ఆవిడకి కావలసిందేమిటి? పేరు మీద ఏదో ఒకటి ఉండాలి. అంతేగా!

పెళ్ళిరోజు పొద్దున్నే ఆయన ఇంటర్నెట్ సెంటర్లో వేయించిన ఆ బొమ్మని బంగారురంగు ఫ్రేములో బిగించి తెచ్చి, భార్య చేతిలో పెట్టాడు. బొమ్మ కింద లావు అక్షరాల్లో "కోటేశ్వరి గెలాక్సీ" అని ఉంది.

"ఏవిటిదీ? జాంగ్రీనా?"

"గెలాక్సీ! నీ పేరు మీద పెట్టించాను. ఇంటర్నేషనల్ గెలాక్టిక్ నేమింగ్ అథారిటీ, డైరెక్ట్ అలాట్‌మెంట్, లైఫ్‌టైమ్ వాలిడిటీ!"

కోటేశ్వరి ఆ అక్షరాలని వేలితో తడిమింది. కో నుంచి చివరిదాకా, మళ్ళీ చివరి నుంచి కో దాకా. "నా పేరేనండీ" అంది మెల్లిగా. ఆ అన్న తీరుకి గోపాలరావుకి లోపలెక్కడో చురుక్కుమంది. వెంటనే రెండొందల గజాలూ గుర్తొచ్చి కుదుటపడ్డాడు.

"ఎక్కడుందండీ ఇది?"

"దగ్గరే. ఓ మూడు కోట్ల కాంతి సంవత్సరాలు."

"అదేం దగ్గర?"

"మిగతావాటితో పోలిస్తే దగ్గరే." ఈ జవాబు మల్లేశయ్య దగ్గర నేర్చుకున్నది. ఆయన వెంచర్లన్నీ ఇట్లాగే సిటీకి దగ్గర.

"వయసెంతుంటుంది?"

"వెయ్యి కోట్ల ఏళ్ళు ఉంటుంది."

"నా పేరు పెట్టడానికి అంత ముసలిదే దొరికిందా మీకు?"

"ఛ ఛ, నడుమ భాగమే పాతది. అందుకే పచ్చగా ఉంది. ఈ చేతులు చూడు, నీలంగా లేవూ? అవన్నీ కుర్ర నక్షత్రాలు. ఇరవై నాలుగ్గంటలూ కొత్తవి పుట్టిస్తూనే ఉంటాయి ఆ చేతులు."

"నడుమేమో అరిగిపోయింది, చేతులకేమో తీరిక లేదు. నా పేరు సరిగ్గానే పెట్టారు" అంది కోటేశ్వరి. "మరి ఈ మధ్యలో చుక్క?"

"అక్కడ బ్లాక్‌హోల్ ఉంటుంది. దగ్గరికొచ్చినదాన్నల్లా మింగేస్తుంది. ఏదీ తిరిగి రాదు."

"దానికి మీ చెల్లెలి పేరు పెట్టించాల్సింది. మనింటికి వచ్చి వెళ్ళినప్పుడల్లా నా స్టీలు గిన్నెలు ఎటు పోతున్నాయో తెలీక చస్తున్నాను."

గోపాలరావు చెల్లెలి పరువు గాలికొదిలేసి అసలు విషయానికొచ్చాడు. "చూశావా మరి! ఇంత పెట్టుకుని ఇంకా ఆ ముష్టి రెండొందల గజాలెందుకే నీకు?"

"నిజమేలెండి" అంది కోటేశ్వరి.

అంతే! గోపాలరావుకి ఆ పూట ఇడ్లీలు నాలుకకి తగలకుండానే లోపలికి జారిపోయాయి. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ "నిజమేలెండి" అనడం అదే మొదటిసారి. మనిషన్నవాడు అక్కడే అనుమానించాలి. ఆయన ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా మల్లేశయ్య భార్య సత్తమ్మ ఫ్రేము చూసింది. సాయంత్రానికి వీధి వీధంతా చూసింది. "కోటక్క పేరు మీద ఆస్మాన్‌ల జాగ అయిందంట" అని ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. కోటేశ్వరి అందరికీ బొట్టుపెట్టి, శనగలు పంచి, ఫ్రేము పక్కన నిలబడి చేతులెక్కడ, నడుమెక్కడ, ఆడపడుచెక్కడ అని వేలుపెట్టి చూపించింది.

మర్నాడు పొద్దున్న గోపాలరావు పళ్ళు తోముకుంటుంటే ఎదురింటి బిక్షం గేటు తోసుకుని వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"సారూ, మీరు చేసింది మంచిగ లేదు. మా రుక్కమ్మ నిన్నటిసంది అన్నం పెడ్తలేదు. 'గా సారు గెలాక్సీ ఇప్పిచ్చిండు, నువ్వేం ఇప్పిచ్చినవ్' అంటున్నది. పెండ్లినాడు పెట్టిన వాచీ సుత తీసి నా మొఖాన కొట్టింది."

"నన్నేం చెయ్యమంటావు బిక్షం?"

"జర మాకు గూడ ఒకటి జూడుండ్రి. చిన్నదైనా పర్వాలే."

అన్నం లేని మనిషి! గోపాలరావు జాలిపడి, ఇంటర్నెట్ సెంటర్‌కి పరిగెత్తి, చేతికందిన గెలాక్సీ బొమ్మ వేయించి ఇచ్చాడు. అరగంటలో రుక్కమ్మ ఆ బొమ్మ పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏం సారూ, కోటక్కదానికి రెండు చేతులున్నయ్. నాదానికేంది, గుడ్డు లెక్కున్నది?"

"అది దీర్ఘవృత్తాకార గెలాక్సీ అమ్మా. దానికి చేతులుండవు. చాలా ప్రశాంతంగా ఉంటుంది."

"చేతుల్లేంది ప్రశాంతంగనే ఉంటది. నాకొద్దు, చేతులున్నదే ఇయ్యిండ్రి" అని అక్కడే బైఠాయించింది.

ఆ వారంలో గోపాలరావు వీధిలో సగం మందికి గెలాక్సీలు పంచాడు. అంతటితో పోయిందా! మల్లేశయ్య బస్ డిపో ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. "గెలాక్సీ యజమానురాలు శ్రీమతి కోటేశ్వరి గారికి శుభాకాంక్షలు" అని. మూలన కోటేశ్వరి బొమ్మ తపాలాబిళ్ళంత, నడుమ దండం పెడుతున్న మల్లేశయ్య బొమ్మ నిలువెత్తున. దాని కింద ఆయన ఫోన్ నంబరు. కాలేజీలో తోటి లెక్చరర్లు గోపాలరావు స్టాఫ్‌రూంలోకి అడుగుపెట్టగానే పుస్తకాల్లో మొహాలు పెట్టుకుని కిసకిసమనేవాళ్ళు. ఆయన పళ్ళబిగువున భరించాడు. ఇంకో నాలుగు రోజులు గడిస్తే రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఆ తర్వాత గెలాక్సీలు కూలిపోయినా ఫరవాలేదు.

సరిగ్గా అప్పుడే మల్లేశయ్య ఇంటికొచ్చి, ఫ్రేము ముందు నిలబడి, మీసం దువ్వుకుంటూ అడిగాడు.

"సైటు జూసినవా చెల్లె?"

"లేదన్నా" అంది కోటేశ్వరి.

"సైటు జూడకుంట ఎట్ల తీస్కున్నవ్? బొమ్మ జూసి జాగ తీస్కుంటరా ఎవరన్న? రేపు పోయి జూస్తే అండ్ల గుట్ట ఉండొచ్చు, కుంట ఉండొచ్చు."

గోపాలరావు అడ్డుపడ్డాడు. "మల్లేశయ్యగారూ, అది మూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందండీ!"

"ఉండనియ్ సారూ. నా వెంచర్‌లు గూడ దూరమే ఉంటయ్. వ్యాన్ పెట్టి తీస్కపోతలేనా?"

"అన్న చెప్పింది సబబుగా ఉంది" అంది కోటేశ్వరి. "నాకు సైటు చూపించండి."

"అది వట్టి కంటికి కనబడదే!"

"చూడండీ, మన పెళ్ళిలో మీరు నాకు అరుంధతిని చూపించారు. మిట్టమధ్యాహ్నం, పందిరి బయట, కళ్ళు చిట్లించినా తెరుచుకోని ఎండలో. కనబడిందా అమ్మా అన్నారు పురోహితులుగారు. నాకు సూర్యుడు తప్ప ఏమీ కనబడలేదు. పెద్దవాళ్ళంతా నా మొహంలోకి చూస్తున్నారని కనబడిందన్నాను. పాతికేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాను. ఈసారి మాత్రం కనబడితేనే కనబడిందంటాను."

గోపాలరావుకీ ఆ రోజు అరుంధతి కనబడలేదు మరి.

కాలేజీలో ఒక టెలిస్కోపు ఉండేది. తనిఖీకి వచ్చేవాళ్ళకి చూపించడానికి కొన్నది. వాళ్ళు రాగానే గుడ్డ తీసేవాళ్ళు, వెళ్ళగానే కప్పేవాళ్ళు. ప్రిన్సిపాల్‌ని బతిమాలి, లోపలున్న బల్లిగుడ్లు దులిపి, దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు రోజులు మేడమీద కూచుని ఆకాశం పటాలు ముందేసుకుని తంటాలు పడ్డాడు. తీరా చూస్తే ఆ గెలాక్సీ సప్తర్షుల తోక చివరనే ఉంది, వసిష్ఠుడికీ అరుంధతికీ కాస్త అవతల. ఓ మోస్తరు టెలిస్కోపుకి కూడా అందుతుందని పుస్తకంలో ఉంది. గోపాలరావుకి ప్రాణం లేచొచ్చింది. చూపించేస్తే సరి, ఇక ఆవిడ నోరెత్తదు!

ఇబ్రహీంపట్నంలో సైటు విజిట్‌కి ఒక పద్ధతుంది. వ్యాను ఇంటిముందుకొస్తుంది. ఎక్కినవాళ్ళకి పులిహోర పొట్లం, కూల్‌డ్రింకు ఇస్తారు. సైటు దగ్గర షామియానా, కుర్చీలు. మల్లేశయ్య ఆ పద్ధతిలో ఒక్క అంగుళం తగ్గలేదు. చంద్రుడు లేని ఆ సాయంత్రం, దీపాలు పెట్టాక, వీధి వీధంతా రెండు వ్యాన్లెక్కి పెద్దచెరువు కట్ట మీద దిగింది. గోపాలరావు టెలిస్కోపు బిగించేలోపు సగం పులిహోర అయిపోయింది.

"ఏ మూలకున్నది సారూ?"

"ఆ మూలకి. ఈశాన్యం."

"ఈశాన్యమా! మస్తుంది చెల్లె, మస్తుంది" అని మల్లేశయ్య చప్పట్లు కొట్టాడు. గోపాలరావు ఛాతీ వెడల్పైంది.

ముందు రుక్కమ్మ చూసింది. "అవ్, ఎర్రగ ఉన్నది. దీపం సుత పెట్టిండ్రు" అంది. అది చెరువు అవతలున్న సెల్‌ఫోన్ టవరు లైటు. తర్వాత బిక్షానికి తాటిచెట్టు తలకిందులుగా కనబడి, పైలోకంలో కూడా కల్లు దొరుకుతుందని అందరికీ చెప్పొచ్చాడు. గోపాలరావు చెమటలు కక్కుతూ గొట్టాన్ని ఇటు లాగి అటు నెట్టి, చివరికి "అదిగో! అదిగో! దొరికింది!" అని ఎగిరాడు. ఆ ఎగురుడుకి స్టాండు కదిలి మళ్ళీ పోయింది. మళ్ళీ వెతికాడు. మళ్ళీ దొరికింది. ఈసారి ఊపిరి కూడా పీల్చలేదు.

కోటేశ్వరి కొంగు బిగించి, కన్ను ఆనించింది.

చీకట్లో రెండు మసక మచ్చలు. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. అద్దం మీద ఎవరో నోటితో గాలి ఊదినట్టు ఉన్నాయి. నీలం లేదు, పసుపు లేదు, చేతుల్లేవు.

"కనబడిందా?" అన్నాడు గోపాలరావు.

"కనబడింది" అంది కోటేశ్వరి, కన్ను తీయకుండా. అలాగే చూస్తూ ఉండిపోయింది. వెనక జనం "మేం గూడ, మేం గూడ" అని తోస్తే గానీ పక్కకి జరగలేదు.

మల్లేశయ్య వంగి, ఒక కన్ను మూసి, హద్దురాయి వరస చూసేటప్పటిలాగా చూశాడు. తలెత్తినప్పుడు మొహం గంభీరంగా ఉంది.

"సారూ, ఇవి రెండున్నయ్. చెల్లె పేరు మీద ఏది?"

"పెద్దది. ఆ చిన్నది పక్క గెలాక్సీ. అది పెద్దదాని చెయ్యి చివరిదాకా వచ్చి, ఆ చేతిని తనవైపు లాగుతోంది. దాని ఆకర్షణ వల్లే..."

"కబ్జా!" అన్నాడు మల్లేశయ్య.

కట్ట మీద ఒక్కసారిగా గోలయింది. "అయ్యో కోటక్కా, పక్కోడు గుంజుకుంటున్నడంట!" అని సత్తమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"కబ్జా కాదండీ! ప్రకృతిసిద్ధం! దాని వల్లే ఆ చేతులు అంత అందంగా వచ్చాయి!"

"గదంత నాకెర్కే సారూ. మొదలు అందంగనే ఉంటది. సరే గని, ఈ జాగ స్థిరంగ ఉంటదా?"

గోపాలరావులోని లెక్చరరు నోరు మూసుకోవలసిన చోట నోరు తెరిచాడు. "స్థిరంగా ఎందుకుంటుంది? విశ్వం వ్యాకోచిస్తోంది కదా! దాని వెలుగులోని గీతలు ఎరుపువైపు జరిగాయి, అంటే మన నుంచి దూరం పోతోందన్నమాట. క్షణానికి వందల కిలోమీటర్లు."

మల్లేశయ్య నెత్తి కొట్టుకున్నాడు. "హద్దులు జరిగే జాగనా! చెల్లె, ఇది కోర్టు కేసు. సిటీ మనకాడికొస్తాంటే విలువ పెరుగుతది గని, జాగనే ఉరుకుతాంటే ఎవడు కొంటడు?"

"ఇప్పుడు గూడ ఉరుకుతున్నదా సారూ?" అంది సత్తమ్మ.

"ఇప్పటి సంగతి మనకి తెలీదమ్మా. ఈ వెలుగు అక్కడ్నుంచి బయల్దేరి మూడు కోట్ల ఏళ్ళయింది. మనం చూసేది అప్పటి రూపం."

"అంటే పాత ఫోటో చూపెట్టి అమ్ముతున్రా?" అన్నాడు బిక్షం.

"రెండేళ్ళ కింద కూడా చూశారయ్యా! పెద్దపెద్ద సైంటిస్టులు! అందులో ఒక నక్షత్రం పేలిపోవడం కళ్ళారా చూశారు!"

ఆ మాట అనేసి గోపాలరావు నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. "బ్లాస్టింగ్! పక్కన క్వారీ ఉన్నట్టుంది. గోడలు నిలబడయి" అని మల్లేశయ్య తేల్చేశాడు. నడుమ బ్లాక్‌హోల్ ఉందని ఎవరో గుర్తుచేస్తే అది కుంట భూమి కింద జమకట్టాడు. అప్రోచ్ రోడ్డు లేదని ఆయన వేరే చెప్పక్కర్లేదు, అందరికీ కనబడుతూనే ఉంది.

కోటేశ్వరి నిట్టూర్చింది. "అయితే నాకొద్దండీ ఈ గెలాక్సీ. నాకా ప్లాటే ఇప్పించండి."

గోపాలరావు వారం రోజుల శ్రమ, స్టాఫ్‌రూంలో పడ్డ అవమానం, వీధంతా పంచిన గెలాక్సీలు, అన్నీ కళ్ళముందే చెరువులో కలిసిపోతున్నాయి. ఆయన కుర్చీ ఎక్కాడు. నిజంగానే ఎక్కాడు, షామియానా గుడ్డ తలకి తగిలేలా.

"ఏవిటే నువ్వు మాట్లాడేది? వద్దా? ఇది వద్దా? సూర్యుడిలాంటి నక్షత్రాలు వేల కోట్లు! మనం ఇక్కడ పులిహోర తింటుంటే అక్కడ కొత్త సూర్యుళ్ళు పుడుతున్నాయి! దీని ముందు రెండొందల గజాలెంత? దుమ్ము! వట్టి దుమ్ము! ఎవరికైనా ఇట్లాంటిది దొరుకుతుందంటే కళ్ళకద్దుకుని తీసుకుంటారు. నాకే గనక ఇది ఇస్తామంటేనా, ఈ ప్లాటేంటి, ఇట్లాంటివి పది పారేసి తీసుకుందును!"

చెప్పొద్దూ, మాట బాగానే పేలింది. గోపాలరావుకే ఒళ్ళు గగుర్పొడిచింది.

"అంత ఇష్టమా మీకు?" అంది కోటేశ్వరి.

"ప్రాణం!"

"అంత ఇష్టమైనదాన్ని నాకిచ్చేసి మీరు మట్టి తీసుకోడమేంటండీ, పాపం! నాకు మనసెలా ఒప్పుతుంది? గెలాక్సీ మీరు తీసుకోండి. ఆ ప్లాటు నాకిచ్చెయ్యండి. పెద్దది మీకు, చిన్నది నాకు."

గోపాలరావు నోరు తెరుచుకునే ఉంది గానీ అందులోంచి ఏ భాషా రాలేదు.

"పది అక్కర్లేదు, ఒక్కటి చాలు" అని కూడా అంది కోటేశ్వరి.

మల్లేశయ్యకి బేరం వాసన తగిలితే చాలు, కాళ్ళూ చేతులూ వాటంతటవే పనిచేస్తాయి. ఆయన చేయించిన బేరం ఏదైనా సరే, ఇద్దరి చేతులూ కలిపి, ఇద్దరి నోట్లో బెల్లంముక్క పెట్టాడంటే ఇక అయిపోయినట్టే. ఆ తర్వాత మాట తిప్పినవాడికి ఇబ్రహీంపట్నంలో టీ కూడా పుట్టదు. గోపాలరావు కుర్చీ దిగేలోపే ఆయన జేబులోంచి బెల్లం తీశాడు.

"సారూ, మీ అసుంటి మనిషిని నేను జూడలే. బేరం అయిపోయింది. నోరు తెర్వుండ్రి."

నోరు ఎలాగూ తెరిచే ఉంది. బెల్లంముక్క అందులో పడింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. "సారు పెద్దది దీస్కున్నడు, మంచిగైంది" అని రుక్కమ్మ మెచ్చుకుంది.

టెలిస్కోపు విప్పేసరికి వ్యాన్లు వెళ్ళిపోయి, మొగుడూ పెళ్ళాం మిగిలారు. టెలిస్కోపు గొట్టం ఆయన భుజాన, స్టాండు ఆవిడ చేతిలో. కట్ట దిగి కాస్త దూరం నడిచారు. గోపాలరావు నోట్లో బెల్లం కరిగేదాకా ఆగి, పిలిచాడు.

"కోటేశ్వరీ."

"ఊఁ."

"ఆ గెలాక్సీ నీ పేరు మీద ఎప్పుడూ లేదే. ఎవరూ పెట్టలేదు. నేనే... ఆ ఫ్రేము... ఆదివారం పేపర్లో చూసి..." అని నసిగాడు.

"తెలుసు."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"ఫ్రేము చేతిలో పెట్టినప్పట్నుంచీ. నిజం చెప్పేటప్పుడు మీకు ఇదిగో, ఇట్లా తెలుగు కూడా సరిగ్గా రాదు. అబద్ధమాడేటప్పుడు గడగడా ఇంగ్లీషు వస్తుంది. డైరెక్ట్ అలాట్‌మెంట్ అనగానే అర్థమైపోయింది."

"మరి ఆ శనగలు పంచడం, బొట్లు పెట్టడం, అదంతా ఎందుకే?"

కోటేశ్వరి స్టాండు చెయ్యి మార్చుకుంది.

"అబద్ధమైతేనేం, నా పేరు లావు అక్షరాల్లో వేయించారుగా. పాతికేళ్ళలో అదే మొదలు. కాదనడానికి మనసు రాలేదు. ఇవాళ గొట్టంలో చూస్తే నిజంగానే అక్కడ ఏదో ఉందండీ. ఆ మసక మచ్చే ఎంత బాగుందో! అది నాదంటే బాగుణ్ణని ఒక్క క్షణం నాకూ అనిపించింది."

గోపాలరావు కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి. పెళ్ళానికి ఒక పేరు ఇవ్వడానికి ఇన్ని నాటకాలాడానే అని తనని తాను తిట్టుకున్నాడు. అయినా అలవాటు అంత త్వరగా పోతుందా! పది అడుగులు వేసేసరికి ఆయన బుర్రలో మళ్ళీ ఒక దీపం వెలిగింది.

"అయితే కోటేశ్వరీ, ఈ మారకం చెల్లదుగా? నీది కానిదాన్ని నువ్వు నాకెలా ఇస్తావు?"

"సైటు చూశారా?"

"చూశాను."

"లోపాలన్నీ మల్లేశయ్య అన్న అందరి ముందూ చెప్పాడా?"

"చెప్పాడు."

"అయినా కావాలన్నారా?"

"అన్నాను."

"బెల్లం తిన్నారా?"

గోపాలరావు పెదాలు తడుముకున్నాడు. ఇంకా తియ్యగానే ఉన్నాయి. "తిన్నాను" అన్నాడు.

"మరింకేం" అని కోటేశ్వరి స్టాండు కూడా ఆయన రెండో భుజానికి తగిలించి ముందు నడిచింది.

రిజిస్ట్రేషన్ రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుంది. ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని "కొనేటోళ్ళ పేరు?" అన్నాడు. గోపాలరావు అలవాటుగా నోరు తెరిచాడు. మల్లేశయ్య మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు.

"కోటేశ్వరి" అంది కోటేశ్వరి, బయట చెట్టుకింద డాక్యుమెంట్లు రాసేవాళ్ళు కూడా తలెత్తి చూసేలా.

టైపు చేసిన కాగితం చేతికొచ్చాక తన పేరు మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. గుమాస్తా ఇంకో కాగితం గోపాలరావు ముందుకి తోసి సాక్షి సంతకం చెయ్యమన్నాడు. ఆయన బుద్ధిగా వంగి చేస్తుంటే గుమాస్తాకి జాలేసినట్టుంది.

"సారు పేరు మీద ఏం తీస్కోలేదా అమ్మా?"

"ఆయనకి వేరేచోట ఉందిలెండి" అంది కోటేశ్వరి. "చాలా పెద్దది."